దుమ్ము విలువ తెలిసిన ఇంజనీరు

సెప్టెంబరు 15 వచ్చిందంటే దేశంలోని ఇంజనీరింగు కాలేజీలన్నిటా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పటానికి దండ పడుతుంది. ఉపన్యాసాలుంటాయి. రైలు చప్పుడును బట్టి పట్టా విరిగిందని కనిపెట్టిన కథ, సర్కారు కొవ్వొత్తిని ఆర్పి సొంత కొవ్వొత్తి వెలిగించుకున్న కథ తప్పకుండా వినిపిస్తాయి. ఆ కథలు మిత్రులందరికీ కంఠస్థమే కనుక నేను మళ్లీ చెప్పను. ఆ మహనీయుని జీవితంలో సభల్లో ఎవరూ పెద్దగా ఎత్తని వస్తువొకటి ఉంది. అది ఇటుకపొడి. దాన్ని పట్టుకుని ఆయన జీవితాన్ని చెప్పుకురావాలని నా ప్రయత్నం. సైన్సు చదివేవాడికి ఇంజనీరుతో ఏం పని అని అడిగే మిత్రులు కాస్త ఓపిక పడితే, ఇందులో వాళ్లకు కావలసినంత కెమిస్ట్రీ కూడా దొరుకుతుంది.

ఆయన ఇంటిపేరు మన ఊరి పేరే. బేస్తవారిపేట దగ్గరున్న మోక్షగుండం నుంచి ఆయన పూర్వీకులు మైసూరు సంస్థానానికి వలస వెళ్లారు. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. 1861లో చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దెనహళ్లిలో పుట్టారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. ఆయన కొడుకు చిన్నతనంలోనే పోయారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పూర్తి చేశారు. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో మొదటి స్థానంలో నెగ్గారు. మరుసటి ఏడే బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

నన్ను ఆకట్టుకున్నది అక్కడి నుంచి ఆయన పని చేసిన తీరు. సింధు రాష్ట్రంలోని సుక్కూరుకు మంచినీళ్లివ్వమని 1890ల్లో ఆయన్ను పంపించారు. సింధునది నీళ్లు బురద బురదగా ఉంటాయి. వాటిని వడగట్టడానికి పెద్ద పెద్ద ఫిల్టరు బెడ్లు కట్టేంత డబ్బు ఆ పట్టణానికి లేదు. విశ్వేశ్వరయ్యగారు నది ఇసుకలోనే బావి తవ్వించి, ఇసుక గుండా ఊరి వచ్చిన తేటనీటిని పైకి తోడించారు. నది తెచ్చిపోసిన ఇసుకే ఖర్చు లేని ఫిల్టరు అయింది. చేతికందే వస్తువులో ఏ గుణం దాగుందో ముందు చూసుకోవడం, దూరం నుంచి తెప్పించే వస్తువు గురించి తర్వాత ఆలోచించడం ఆయనకు అప్పటికే అలవాటు.

దక్కనులో కాలువల పని చూస్తున్నప్పుడు ఆయనకు నల్లరేగడితో పరిచయమైంది. నీళ్లు దొరికిన రైతు కాలువ పొడుగునా చెరుకు వేసి మడిని నిండా తడిపేవాడు. నల్లరేగడి ఆ నీటిని వదలదు. నేల జవుకుపట్టేది, దోమలు పెరిగేవి, కాలువ చివరి రైతుకు చుక్క అందేది కాదు. దానికి విరుగుడుగా ఆయన బ్లాకు పద్ధతి పెట్టారు. కాలువ కింద భూమిని బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకులో కొంత భాగానికే చెరుకు, మిగతా భాగాలకు తక్కువ నీటి పంటలు అని మార్చి మార్చి పారించే ఏర్పాటు అది. మొదట రైతులే ఎదురుతిరిగారు. వాళ్లతో కూర్చుని ఒప్పించవలసి వచ్చింది. కాలువ చివరి పొలాల కష్టం ఎరిగిన ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక, ఆయన కట్టిన పెద్ద ఆనకట్టల కన్నా ఈ బ్లాకు పద్ధతే నాకు గొప్పగా తోస్తుంది.

ఇక హైదరాబాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఈనాటికీ చెప్పుకుంటారు. అప్పటికి విశ్వేశ్వరయ్యగారు బొంబాయి కొలువు వదిలి విదేశాల్లో తిరుగుతున్నారు. నిజాం ప్రభుత్వం కబురు పెడితే 1909లో వచ్చారు. వస్తూనే గోడ కట్టండని చెప్పలేదు. మూసీకి, ఈసీకి నీరు చేరే ప్రాంతమంతటా ఏ చోట ఎంత వాన పడింది, చెరువులెన్ని, వాటిలో తెగినవెన్ని అని లెక్క తీయించారు. నగరానికి ఎగువన దాదాపు ఎనిమిది వందల చెరువులుంటే రెండు వందలకు పైగా తెగిపోయినట్టు తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువు కట్ట మీద పడేవి, అదీ తెగేది. మట్టికట్టలు ఒకదాని వెంట ఒకటి కూలడమే వానను ప్రళయంగా మార్చింది. మట్టి ఎంత నీటిని ఓర్చుకుంటుందో తెలియకుండా దాని మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పే రిపోర్టు అది. దాని ఫలితమే మూసీ మీద గండిపేట దగ్గర 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. రెండూ కట్టినవారు వేరే ఇంజనీర్లే, ఆలోచన మాత్రం ఆయనది. నేనుండే మియాపూర్ నుంచి గండిపేట ఇరవై కిలోమీటర్ల లోపే. చాలామంది మిత్రులు అక్కడికి ఆదివారం పూట షికారుకు వెళ్లి ఫోటోలు దిగి వస్తారు గాని, ఆ కట్ట ఎందుకొచ్చిందో అడిగితే చెప్పలేరు.

అదే 1909 చివరలో ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరయ్యారు. కావేరి మీద కన్నంబాడి దగ్గర పెద్ద ఆనకట్ట కట్టాలని తలపెట్టారు. మనం కృష్ణరాజసాగర్ అంటున్నది అదే. పని 1911లో మొదలై 1930ల మొదట్లో ముగిసింది. పొడవు 8,600 అడుగులు, ఎత్తు 130 అడుగులు. ఇంత రాతికట్టుకు ఎంత సిమెంటు కావాలో ఊహించండి. ఆ రోజుల్లో మన దేశంలో సిమెంటు తయారీ అప్పుడప్పుడే మొదలవుతోంది. సీమ నుంచి ఓడల్లో తెప్పిస్తే సంస్థానం ఖజానా ఖాళీ. అందుకని ఆ ఆనకట్టను సున్నం, సుర్ఖీ కలిపిన గచ్చుతో కట్టారు. సుర్ఖీ అంటే కాల్చిన ఇటుకను మెత్తగా కొట్టిన పొడి. విరిగిన ఇటుకలు, బట్టీలో మిగిలిన ముక్కలు దంచి వాడటం మన మేస్త్రీలకు తరతరాలుగా తెలిసిన విద్యే. పెద్ద పనులకు కావాలని మట్టి కాల్చి మరపట్టించేవారు కూడాను. కాబట్టి సుర్ఖీ అంతా పారేసిన చెత్త అనడం సరికాదు. అయితే సిమెంటుతో పోలిస్తే అది దుమ్ముతో సమానంగా చూసిన వస్తువు. ఆ దుమ్ము మీద నమ్మకంతో కావేరిని ఆపారు.

ఆ నమ్మకానికి ఆధారమేమిటి? ఒట్టి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. నీటి అడుగున దానికి ఆ గాలి అందదు, అందుకని అక్కడ పనికిరాదు. కాల్చిన బంకమట్టి సంగతి వేరు. ఆరేడు వందల డిగ్రీల సెల్సియస్ వేడికి మట్టి తన స్ఫటిక నిర్మాణంలో ఇమిడి ఉన్న నీటిని పోగొట్టుకుంటుంది. అందులోని సిలికా, అల్యూమినా ఒక క్రమం తప్పి, చర్యకు సిద్ధంగా ఉంటాయి. సున్నం, నీరు తగిలితే అవి కలిసిపోయి కాల్షియం సిలికేట్, కాల్షియం అల్యూమినేట్ హైడ్రేట్లుగా మారతాయి. సిమెంటుకు బలమిచ్చేవి కూడా ఈ జాతి పదార్థాలే. ఈ చర్యకు గాలి అక్కరలేదు, నీళ్లలోనే జరుగుతుంది, తొందరపడదు, నెలలూ ఏళ్లూ సాగుతుంది. రోమనులు ఇటలీలోని పొజ్జువోలి ఊరి అగ్నిపర్వత బూడిదతో ఇదే చేశారు. అందుకే ఇటువంటి పొడులన్నిటికీ పొజొలానా అనే పేరు స్థిరపడింది. మన తాతలు గానుగలో ఎద్దులతో తిప్పించిన డంగుసున్నంలో ఇటుకపొడి వేసింది కూడా ఈ గుణం కోసమే. వాళ్లకు పేరు తెలియదు, పని తెలుసు.

ఇక్కడ నేను విశ్వేశ్వరయ్యగారిని కాసేపు కావేరి గట్టునే ఉంచి మన ఊళ్లకు వస్తాను. మాది సంగారెడ్డి జిల్లాలో నల్లరేగడి పల్లె. ఆ నేల పత్తికి, శనగకు తల్లి. ఇంటికి మాత్రం సవతితల్లి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు వాస్తుంది, వానకు ఉబ్బుతుంది. మా పాత ఇంటి గోడ మూల నుంచి కిటికీ దాకా మెట్లు మెట్లుగా పగిలింది. బాపు ఏటా సిమెంటు పూస్తాడు, ఏటా అది విడిచిపోతుంది. ఊరి బాట కూడా అంతే, రెండు వానాకాలాలకే అలలు తేలింది. ఇప్పుడు కొత్తిల్లు కట్టాలని నాలుగేళ్ల పత్తి పైసలు కూడబెట్టి పెట్టుకున్నారు. రేగడి మొత్తం తీసేసి మొరం నింపాలని కంట్రాక్టరు అంటున్నాడు. మొరం లారీ ధర వింటే బాపు ముఖం వాడిపోయింది. పైగా ఆ మొరం కోసం తవ్విన గుట్టలు మా చుట్టుపక్కల ఇప్పటికే సగం అయిపోయాయి.

రేగడి ఎందుకు ఉబ్బుతుందో మన సిలబసులోనే ఉంది. అందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే బంక ఖనిజం పొరలు పొరలుగా ఉంటుంది. నీరు ఆ పొరల మధ్య దూరి వాటిని ఎడం చేస్తుంది. ఎంత ఉబ్బుతుందో చూడటం ఏ కాలేజీ లేబులోనైనా కుదిరే పని. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన ఎండిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో పోసి, ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో కిరోసిన్ వంద మిల్లీలీటర్ల దాకా నింపి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. కిరోసిన్ పొరల్లోకి దూరదు కనుక అందులో మట్టి ఉన్నంతే ఉంటుంది. మా చేను మట్టి నీళ్ల జాడీలో దాదాపు రెట్టింపయింది. లేబు అటెండరు కూడా వచ్చి చూసిపోయాడు.

దీనికి మందు సుర్ఖీ కుటుంబంలోనే ఉంది. రేగడిలో మూడు నుంచి ఎనిమిది శాతం దాకా సున్నం కలిపితే మొదట కాల్షియం అయాన్లు పొరలను దగ్గరకు లాగుతాయి. జిగట మట్టి పొడిపొడిగా మారుతుంది. తర్వాత, కృష్ణరాజసాగర్ గచ్చులో జరిగిన చర్యే మట్టిలోనూ మెల్లగా మొదలవుతుంది. చర్యకు కావలసిన సిలికాను మట్టి ఒక్కటే కాక బయటి పొడి కూడా ఇస్తే బలం ఇంకా పెరుగుతుంది. ఆ పొడి మన చుట్టూ గుట్టలుగా పడి ఉంది. రామగుండం, పాల్వంచ థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలిన ఫ్లై యాష్ ఉంది. ఉక్కు కార్మాగారాల కొలిమి నుంచి వచ్చే చిట్టెం, అంటే స్లాగ్, ఉంది. మన రైసు మిల్లుల వెనక గాలికి ఎగిరే ఊక బూడిద ఉంది, అందులో ఎక్కువ పాలు సిలికాయే. మిల్లు పక్క ఇళ్లవాళ్లు ఆరేసిన బట్టల మీద రోజూ దులుపుకునే ఆ నల్లబూడిదే, సరిగ్గా కాలి ఉంటే, సున్నంతో కలిసి నేలను పట్టి ఉంచగలదు.

ఇక మియాపూర్ దుమ్ము గురించి. మా మామ ఇక్కడే సెంట్రింగు మేస్త్రీ. మెట్రో స్టేషను నుంచి పటాన్‌చెరు వైపు ఎక్కడ చూసినా సెల్లారు గుంటలు, లారీలు, క్రషరు డస్టు కుప్పలు. ఇది గ్రానైటు పొడి. ఇది కూడా మట్టిలో కలిపితే సరిపోతుందని సైట్ల మీద అనేవాళ్లున్నారు. కొంతవరకు నిజమే. బంక పాలు తగ్గి గరుకు పాలు పెరిగితే ఉబ్బు తగ్గుతుంది, రోలరు కింద మట్టి బాగా కుదురుతుంది. కాని గ్రానైటు పొడి సున్నంతో చెప్పుకోదగ్గ చర్యేమీ జరపదు, ఎందుకంటే దాని సిలికా స్ఫటికంగా బిగిసి ఉంది. అది ఖాళీలు నింపేది, అతుకు పెట్టేది కాదు. ఫ్లై యాష్‌కు ఇచ్చే గౌరవం దానికిచ్చి, సున్నం మానేసి రోడ్డు వేస్తే రెండో వానకే తెలిసొస్తుంది. మన బొగ్గు బూడిదలో కూడా సున్నం పాలు తక్కువే. కాబట్టి దానికీ బయటి నుంచి సున్నమో సిమెంటో తోడు కావాలి. ఇంకో చిక్కుంది. మట్టిలో గాని, కలిపే వ్యర్థంలో గాని జిప్సం లాంటి సల్ఫేటు ఎక్కువగా ఉంటే, సున్నం తగిలాక ఎట్రింజైట్ అనే స్ఫటికాలు పెరిగి నేల ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతుంది. బూడిదలో సీసం, ఆర్సెనిక్ వంటివి ఎంతున్నాయో, అవి బావి నీటిలోకి ఊరతాయో లేదో కూడా చూడాలి. ఇక క్రషర్ల దగ్గర ముక్కుకు గుడ్డ కూడా లేకుండా పనిచేసే కూలీల ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్మును ఏ రోడ్డులోనూ కలిపి వదిలించుకోలేం. దాన్ని నీళ్లు చల్లి, మూతలు పెట్టి పుట్టినచోటే ఆపాలి. వ్యర్థాన్ని వాడేద్దామన్న ఉత్సాహంలో ఈ సంగతి మరిచే పెద్దలంటే నాకు కోపం.

ఏ పొడి, ఏ మట్టికి, ఎంత పాలు అనే ప్రశ్నకు కొలత తప్ప వేరే జవాబు లేదు. మూసీ ఎగువన చెరువులు లెక్కపెట్టించినాయన పద్ధతి ఇక్కడే పనికొస్తుంది. కనుక ఇప్పుడు ఆయన దగ్గరికే తిరిగి వెళదాం.

1912లో విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానయ్యారు. ఆరేళ్లలో బ్యాంకు, విశ్వవిద్యాలయం, ఇంజనీరింగు కాలేజీ, సబ్బుల ఫ్యాక్టరీ, గంధపు నూనె పరిశ్రమ, ఇలా వరుసగా వచ్చాయి. 1915లో సర్ బిరుదు వచ్చింది. 1918 చివర పదవి వదిలేశారు. కారణం పటాల ముందు ఉపన్యాసాల్లో వినిపించదు. ప్రభుత్వోద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు ప్రాతినిధ్యం పెంచాలని మహారాజు మిల్లర్ కమిటీ వేశారు. ప్రతిభ తగ్గుతుందని దివాన్‌గారు ఒప్పుకోలేదు. ఈ ఒక్క విషయంలో ఆయనతో నేను ఏకీభవించలేను. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటివాణ్ణి నేను. దుమ్ములో గుణం చూడగలిగిన కన్ను, అవకాశం దొరకని మనుషుల్లో దాన్ని ఎందుకు చూడలేకపోయిందా అని అనిపిస్తుంది. అయినా నమ్మినదాని కోసం అంత పెద్ద కుర్చీ వదిలి వెళ్లినవారు ఎంతమంది ఉంటారు? దివాన్ లేకపోయినా కన్నంబాడి పని ఆగలేదు.

1923లో మళ్లీ పిలిచి భద్రావతి ఇనుము కార్మాగారం అప్పజెప్పారు. అప్పటికది నష్టాల్లో మూలుగుతోంది. అక్కడ రాక్షసిబొగ్గు లేదు. అడవి కట్టెను కాల్చి బొగ్గు చేసి దానితో ఇనుము తీసేవారు. కట్టె బొగ్గయ్యేటప్పుడు వచ్చే పొగను ఊరికే పోనివ్వకుండా చల్లార్చి, అందులోంచి మిథైల్ ఆల్కహాలు, కాల్షియం అసిటేటు, తారు తీసి అమ్మే యంత్రాగారం ఆ కార్మాగారంలో భాగం. కెమిస్ట్రీలో డిస్ట్రక్టివ్ డిస్టిలేషన్ అని మనం మార్కుల కోసం చదివే పాఠం అది. 1929 దాకా ఆయన అక్కడ ఉండి దాన్ని నిలబెట్టారు. 1934లో దేశానికి ప్రణాళిక కావాలంటూ ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ప్రణాళికా సంఘం రావడానికి అది పదహారేళ్ల ముందు మాట.

వయసు మీద పడ్డా పని వదల్లేదు. తొంభై దాటాక, బీహారులో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చమంటే వెళ్లి చోట్లు చూసి, మొకామా దగ్గర అనుకూలమన్నారు. 1959లో ఆ వంతెన తెరిచారు. 1955లో భారతరత్న ఇచ్చారు. 1962 ఏప్రిల్ 14న, నూరేళ్లు నిండాక, బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు పుట్టిన ఊరు ముద్దెనహళ్లిలో జరిగాయి.

సరిగ్గా అదే ఏడు ఉత్తరాదిన రిహాండ్ ఆనకట్ట పూర్తయింది. దాని కాంక్రీటులో సిమెంటుకు బదులు కొంత పాలు ఫ్లై యాష్ వేశారు. ఇటుకపొడి స్థానంలోకి బొగ్గు బూడిద వచ్చింది. 1999లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ థర్మల్ కేంద్రాల దాపున జరిగే నిర్మాణాల్లో బూడిద వాడాలని ఉత్తర్వు తెచ్చింది, తర్వాత ఆ దూరాన్ని పెంచుకుంటూ పోయింది. ఉత్తర్వు మా పల్లె దాకా ఇంకా నడిచి రాలేదు. ఈ సెలవుల్లో మా చేను మట్టికి రెండు పాళ్లలో సున్నం, మూడు పాళ్లలో మిల్లు ఊక బూడిద కలిపి ఆరు ముద్దలు చేసి, తడిగోనె కింద దాచిపెట్టాను. 28 రోజులు నిండాక నీళ్లలో వేసి చూడాలి. బాపు అప్పటిదాకా మొరం లారీకి అడ్వాన్సు ఇవ్వనన్నాడు.